విదేశాల్లో స్థిరపడాలా వద్దా: టికెట్ కొనే ముందు ఇంట్లో కూర్చుని తేల్చుకునే పద్ధతి

"అన్నా, మావాడు పోతానంటున్నడు. పంపమంటవా, వద్దంటవా?" నల్లగొండలో ఏ పెళ్లికి వెళ్లినా బంతిలో కూర్చోగానే నాకు ఎదురయ్యే ప్రశ్న ఇదే. ఎనిమిదేళ్లు డాలస్‌లో ఉండి తిరిగొచ్చాను కాబట్టి నా దగ్గర జవాబు ఉంటుందని అనుకుంటారు. పంపాలో వద్దో నేను చెప్పలేను. ఎలా తేల్చుకోవాలో చెప్పగలను. అదే ఇక్కడ వరసగా రాస్తున్నాను.

వీసా ఫారం ఎలా నింపాలో ఇందులో ఉండదు. చదువుకో ఉద్యోగానికో వెళ్లి, వీలైతే అక్కడే ఉండిపోదామని ఆలోచిస్తున్న కుటుంబాల కోసం ఇది. నాలుగు ఆదివారాలు, ఒక నోటుబుక్కు, ఇంట్లో అందరూ ఒకచోట కూర్చునే ఓపిక ఉంటే చాలు.

1. ఒక్క ప్రశ్నను మూడు చేయండి

"ఫారిన్ పోవాలా?" అన్నది ఒక ప్రశ్న కాదు. అందులో మూడున్నాయి.

- వెళ్లాలా? ఇది రెండు మూడేళ్ల సంగతి.
- అప్పు తీరిన తర్వాత కూడా ఉండాలా? ఇది ఐదు నుంచి ఎనిమిదేళ్ల సంగతి.
- అక్కడే స్థిరపడాలా? పిల్లల బడి, సొంతిల్లు, పౌరసత్వం ఇందులోకి వస్తాయి.

మొదటిదానికి అవునంటే మిగతా రెండింటికీ అవునన్నట్టు కాదు. మనవాళ్లు దెబ్బతినేది ఇక్కడే. మొదటి ప్రశ్న దగ్గరే మూడోదాని ఖర్చు పెట్టేస్తారు. పిల్లాడికి ఐ-20 (అమెరికా కాలేజీ ఇచ్చే సీటు పత్రం) రాగానే కాలువ కింది రెండెకరాలు బేరానికి పెడతారు. రెండేళ్లు తిరిగాక వాడు వచ్చేద్దామనుకున్నా, వచ్చి నిలబడడానికి ఇక్కడ ఏమీ మిగలదు.

అందుకే ఈ మార్గదర్శి అంతా ఒక్క నియమం మీద నడుస్తుంది: మూడో ప్రశ్నకు జవాబు దొరికేదాకా తిరిగొచ్చే దారి మూసుకుపోయే పని ఏదీ చేయొద్దు.

2. ఎవరికి వాళ్లు విడిగా రాయండి

మొదటి ఆదివారం చేయాల్సిన పని ఇది. అందరూ ఒకేసారి మాట్లాడితే గొంతు పెద్దగా ఉన్నవాళ్లదే నిర్ణయం అవుతుంది. కాబట్టి ముందు రాత, తర్వాతే మాట.

మొన్న వేసవిలో హాలియా వైపు నుంచి ఒక కుటుంబం మా ఇంటికి వచ్చింది. బీటెక్ అయి మూడేళ్లు హైదరాబాద్‌లో పనిచేసిన కొడుకు, పెళ్లయి ఏడాదైన కోడలు, అమ్మ, నాన్న. చేతికి అందిన ధాన్యం తూకం చిట్టీల వెనక్కి తిప్పి, తలా ఒకటి ఇచ్చి, "ఎన్నేళ్లు? ఎందుకు? ఏమైతే తిరిగి రావాలి?" అని మూడే ప్రశ్నలు రాయమన్నాను.

కొడుకు "5" అని రాశాడు. కోడలు "గ్రీన్ కార్డు వచ్చేదాకా" అని రాసింది. తల్లి "రెండేండ్లు చాలు" అని చెప్పి రాయించింది. తండ్రి చాలాసేపు పెన్ను పట్టుకుని, చివరికి "బోరు మోటరు ఎవలు చూస్తరు?" అన్నాడు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. ఆ పూటంతా మేం మాట్లాడుకున్నది ఆ మోటరు గురించే. తోట కౌలుకివ్వాలా, డ్రిప్ పెట్టించాలా, ఆయనకు మోకాళ్లు సహకరించకపోతే ఎవరిని పెట్టుకోవాలి అన్నది తేలాక మిగతావి గంటలో తేలాయి.

రాయాల్సిన ప్రశ్నలు:

- ఎందుకు వెళ్తున్నాం? (డబ్బు, చదువు, పిల్లల భవిష్యత్తు, ఇక్కడి పోరు పడలేక: ఏదైనా నిజం రాయాలి)
- ఎంత కూడబెడితే చాలనుకుంటాం? అంకె వేయాలి.
- ఏం జరిగితే వచ్చేస్తాం?
- మనం లేనప్పుడు ఇక్కడ ఆగిపోయే పని ఏది?

"మా తోడల్లుడి కొడుకు పోయిండు" అన్నది కారణం కాదు. అది రాసినవాళ్ల కాగితం పక్కన పెట్టి ఇంకోసారి రాయించండి.

3. ఏ దేశంలో స్థిరపడడం అంటే ఏమిటో విడివిడిగా చూడండి

దేశం మారితే మాట అర్థమే మారిపోతుంది. రూల్స్ కూడా ఏడాదికోసారి మారుతున్నాయి. కాబట్టి కింద రాసినవి మొదటి వడపోత కోసమే. డబ్బు కట్టే వారం ముందు ఆయా ప్రభుత్వాల వెబ్‌సైట్లో మళ్లీ చూసుకోవాలి.

అమెరికా: వెళ్లడం ఒక ఎత్తు, స్థిరపడడం ఇంకో ఎత్తు. ఎంఎస్ తర్వాత ఓపీటీ (చదివినదానికి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) 12 నెలలు, స్టెమ్ (సైన్సు, టెక్నాలజీ, ఇంజనీరింగ్, లెక్కలు) కోర్సైతే ఇంకో 24 నెలలు. హెచ్-1బీలు (కంపెనీ వేసే ఉద్యోగ వీసాలు) ఏడాదికి 65 వేలు, అక్కడ మాస్టర్స్ చేసినవాళ్లకు మరో 20 వేలు. 2025 సెప్టెంబరులో, దేశం బయట ఉన్నవాళ్ల కోసం కొత్తగా వేసే హెచ్-1బీ దరఖాస్తుల మీద లక్ష డాలర్ల రుసుం పెట్టారు. ఇక్కడ ఉద్యోగం చేసుకుంటూ నేరుగా హెచ్-1బీ మీద వెళ్దామనుకునేవాళ్లు ఈ ఒక్క వాక్యం రెండుసార్లు చదవండి.

గ్రీన్ కార్డు సంగతి ఇంకా గట్టిది. ఉద్యోగం ద్వారా ఇచ్చేవాటిలో ఏ ఒక్క దేశంలో పుట్టినవాళ్లకూ 7 శాతానికి మించి రావన్నది అక్కడి చట్టం. పౌరసత్వం కాదు, పుట్టిన దేశం లెక్క. మనవాళ్లు ఎక్కువగా వేసే ఈబీ-2, ఈబీ-3 (ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్ కార్డుల్లో రెండు వర్గాలు) క్యూలు పదేళ్లకు పైగా వెనకబడి ఉన్నాయి. ఈలోపు ఉద్యోగం పోతే మామూలుగా 60 రోజుల గడువు. ఇండియాలో పుట్టి తల్లిదండ్రుల వీసా మీద వెళ్లిన పిల్లలకు 21 ఏళ్లు నిండితే వాళ్ల దారి వాళ్లు చూసుకోవాలి. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లు, పిల్లాడికి 21 ఏ సంవత్సరంలో నిండుతాయో ఇప్పుడే నోటుబుక్కులో రాసుకోవాలి.

కెనడా: ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ అనే ఎంపిక పద్ధతిలో పాయింట్లు. వయసు పాయింట్లు 20 నుంచి 29 దాకా పూర్తిగా వస్తాయి, ముప్పై నుంచి తగ్గుతూ 45కి సున్నా అవుతాయి. పీఆర్ (శాశ్వత నివాసం) నిలవాలంటే ఐదేళ్లలో కనీసం 730 రోజులు అక్కడ ఉండాలి. పౌరసత్వానికి ఐదేళ్లలో 1,095 రోజులు. "పీఆర్ తెచ్చి పెట్టుకుని ఇక్కడే ఉందాం" అనుకునేవాళ్లకు ఈ రోజుల లెక్క అడ్డం వస్తుంది.

ఆస్ట్రేలియా: ఇదీ పాయింట్ల పద్ధతే. కనీసం 65 ఉండాలి, వయసు 45 లోపు. 65 ఉంటే దరఖాస్తు గుమ్మం దాటినట్టే తప్ప పిలుపు వచ్చినట్టు కాదు.

బ్రిటన్: మాస్టర్స్ తర్వాత గ్రాడ్యుయేట్ వీసా రెండేళ్లు. 2027 జనవరి నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు 18 నెలలే. 2024 జనవరి నుంచి మామూలు మాస్టర్స్ విద్యార్థులు భార్యనో భర్తనో వెంట తీసుకెళ్లడానికి లేదు. శాశ్వత నివాసానికి ఉన్న ఐదేళ్ల గడువును పదేళ్లకు పెంచాలని 2025లో ప్రతిపాదించారు.

జర్మనీ: ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలాచోట్ల ఫీజు నామమాత్రం. కానీ ఏడాది ఖర్చుకు 11,904 యూరోలు బ్లాక్డ్ అకౌంట్లో (నెలకు కొంత చొప్పునే తీసుకోగలిగే ఖాతా) చూపాలి. తర్వాత బ్లూ కార్డు (చదువుకున్నవాళ్లకిచ్చే ఉద్యోగ అనుమతి) మీద ఉద్యోగం చేస్తే 27 నెలలకు, భాష బీ1 (మధ్యస్థ) స్థాయి వస్తే 21 నెలలకు శాశ్వత నివాసం అడగొచ్చు. కాగితం మీద ఇదే దగ్గరి దారి. చిక్కంతా భాష. ఇక్కడుండగా కనీసం ఏ2 (ప్రాథమిక స్థాయి) దాకా నేర్చుకోలేనివాళ్లు అక్కడికెళ్లి నేర్చుకుంటామంటే నేను నమ్మను.

గల్ఫ్: స్థిరపడే చోటు కాదు. సంపాదించి వచ్చే చోటు. గోల్డెన్ వీసాలాంటివి కొద్దిమందికే. గల్ఫ్‌ను "వెళ్లాలా?" అన్న మొదటి ప్రశ్నకే పరిమితం చేయండి. రెండు, మూడు ప్రశ్నల మీద అక్కడ టైం వృథా.

4. డబ్బు లెక్క: తిరిగొస్తే ఏంటి?

అందరూ చేసే లెక్క అక్కడి జీతాన్ని రూపాయల్లోకి గుణించడం. దాన్ని ఆపేయండి. అక్కడి జీతంలోంచి అక్కడి పన్ను, అద్దె, ఇన్సూరెన్సు, కారు, పిల్లలుంటే డేకేర్ తీసేశాక మిగిలినదాన్నే గుణించాలి. డాలస్‌లో నా చేతికొచ్చిన జీతంలో మూడో వంతు అద్దెకే పోయేది.

అసలు చేయాల్సిన లెక్క వేరే ఉంది. ఉద్యోగం దొరక్క మూడో ఏడు తిరిగొచ్చాడనుకోండి. హైదరాబాద్ జీతంతో ఆ అప్పు తీరుతుందా?

ఉదాహరణకు 40 లక్షల ఎడ్యుకేషన్ లోను, 11 శాతం వడ్డీ, పదేళ్ల గడువు. ఈఎంఐ నెలకు సుమారు 55 వేలు వస్తుంది. చదివే కాలంలో పెరిగిన వడ్డీ దీనికి అదనం. తిరిగొచ్చి 50 వేల జీతంలో చేరితే ఈఎంఐ కట్టడానికే చాలదు.

ఇప్పుడు తిరగేసి చేయండి. ఇక్కడి జీతంలోంచి నెలకు 20 వేలు కట్టగలరనుకుంటే, అదే వడ్డీకి అదే గడువుకు తీరేది దాదాపు 14.5 లక్షల అప్పు. అంతకంటే ఎక్కువ తీసుకుంటున్నారంటే, ఆ మిగతాది "అక్కడ ఉద్యోగం ఖాయం" అన్న నమ్మకం మీద తీసుకుంటున్నారని అర్థం. తీసుకోవద్దని కాదు. ఎంత మొత్తం నమ్మకం మీద నడుస్తోందో అంకె తెలిసి తీసుకోండి.

రెండు రూపాయల వడ్డీకి తెచ్చేవాళ్లకు ఒక్క మాట. 40 లక్షలకు నెల వడ్డీయే 80 వేలు. అసలు ఒక్క రూపాయి తగ్గదు. ఊళ్లో ఎంత దగ్గరివాళ్లైనా ఈ అప్పు ఫీజుకు తేవద్దు. బ్యాంకు బ్యాలెన్సు చూపించడానికని వారం పది రోజులకు తెచ్చి వేసే డబ్బు కూడా ఇదే బాపతు, పైగా బ్యాంకు స్టేట్‌మెంట్లో అది కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.

బ్యాంకుకు వెళ్లేముందు ఇంకోటి. చాలా బ్యాంకులు విద్యా రుణానికి వ్యవసాయ భూమిని తాకట్టుగా ఒప్పుకోవు. ఇల్లు, ప్లాటు, ఫిక్స్‌డ్ డిపాజిట్ అడుగుతాయి. పదెకరాలున్న రైతు కొడుక్కి లోను రాక, పట్నంలో చిన్న ప్లాటున్నవాడికి రావడం వెనక మర్మం ఇదే.

కుటుంబ ఆదాయం 5 లక్షల లోపున్నవాళ్లు రాష్ట్ర ప్రభుత్వ విదేశీ విద్యానిధి పథకాలు చూడాలి. ఎస్సీ, ఎస్టీలకు అంబేడ్కర్ పేరుమీద, బీసీలకు జ్యోతిబా ఫూలే పేరుమీద, మైనారిటీలకు సీఎం ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పేరుమీద 20 లక్షల దాకా రెండు విడతల్లో ఇస్తారు. ఎంపికైనా సరే, డబ్బు అకౌంట్లో పడేదాకా దాన్ని లెక్కలో వేసుకోవద్దు.

డబ్బు చెక్‌లిస్టు:

- మొదటి ఆరు నెలలు ఉద్యోగం లేకపోయినా నడిచే ఖర్చు విడిగా ఉందా?
- తిరుగు టికెట్ డబ్బు ఇక్కడి అకౌంట్లో, ఎవరూ ముట్టకుండా ఉందా?
- లోనుకు సంతకం పెట్టిన తండ్రి వయసు, ఆయన రాబడి చూశారా?
- చెల్లెలి పెళ్లి, ఇంటి స్లాబు లాంటి ఖర్చులు ఆ మూడేళ్లలో పడుతున్నాయా?

5. భూమి: వెళ్లేముందే చక్కబెట్టాల్సినవి

ఇది ఎవరూ చెప్పరు, కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను.

ఫెమా (విదేశీ మారకద్రవ్య చట్టం) నిబంధనల ప్రకారం ఎన్‌ఆర్‌ఐలు, ఓసీఐ కార్డున్నవాళ్లు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లు) ఇండియాలో వ్యవసాయ భూమి, ఫామ్‌హౌస్ కొనడానికి లేదు. బహుమతిగా తీసుకోవడానికీ లేదు. వారసత్వంగా రావచ్చు. ఇక్కడుండగా తమ పేరుమీద ఉన్నదాన్ని ఉంచుకోవచ్చు. అమ్మాలంటే ఇండియాలో ఉంటున్న భారత పౌరులకే అమ్మాలి. చదువుకోవడానికి వెళ్లినవాళ్లను కూడా ఈ విషయంలో ఎన్‌ఆర్‌ఐలుగానే చూస్తారు.

దీని అర్థం ఇంట్లో వాడే భాషలో చెప్తాను. "నువ్వు పోయి సెటిల్ అయ్యాక నీ వాటా నీ పేరుమీద గిఫ్ట్ చేస్తా బిడ్డా" అని తండ్రి అంటే అది అప్పుడు కుదరదు. చేయదలిస్తే విమానం ఎక్కకముందే చేయాలి. అలాగే ఇవాళ పొలం అమ్మి వెళ్లి, అక్కడ బాగా సంపాదించి ఎన్‌ఆర్‌ఐగా ఉంటూనే మళ్లీ ఊళ్లో కొందామంటే దారి లేదు. ప్లాట్లు, ఇళ్లు, అపార్ట్‌మెంట్లు కొనుక్కోవచ్చు. పొలం మాత్రం కాదు. పొలం అమ్మడం గురించి మొదట్లో అంత గట్టిగా చెప్పింది ఇందుకే.

వెళ్లేముందు చేయాల్సిన వరస:

- తాత పేరుమీదే ఉన్న భూమికి విరాసత్ (వారసుల పేరుమీదికి మార్పు) చేయించండి. రాష్ట్ర భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో స్లాటు, తహసీల్దార్ ఆఫీసు, వారసులందరి సంతకాలు. ఒకరు అమెరికాలో ఉంటే ఇదే పని నెలలు పడుతుంది.
- పాసుబుక్కులో విస్తీర్ణం, సర్వే నంబరు, ఆధార్ పేరు సరిచూసుకోండి. భూభారతికి ముందున్న ధరణి పోర్టల్ కాలంలో దొర్లిన తప్పులు ఇంకా చాలా ఇళ్లలో అలాగే ఉన్నాయి.
- గట్టు తగాదా ఉంటే సర్వే చేయించి హద్దురాళ్లు పాతించండి. అర్ధరాత్రి వీడియో కాల్లో "ఇగో, వీడు గట్టు జరిపిండు" అని నాన్న ఫోను తిప్పి చూపిస్తే అక్కడినుంచి చేయగలిగేది ఏమీ ఉండదు.
- అన్నదమ్ముల పంపకం నోటిమాటగా ఉంటే కాగితం మీదికి తెండి.

పవర్ ఆఫ్ అటార్నీ విషయంలో నా అనుభవం వినండి. మా పాత ఇల్లు అమ్మడానికి అక్కడి మన కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి నాన్నకు పంపాను. ఆయన దాన్ని భద్రంగా బీరువాలో పెట్టారు. బేరం కుదిరేసరికి ఐదో నెల. అలాంటి పత్రం ఇండియాకు చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు వేయించాలన్న సంగతి మాకిద్దరికీ తెలియదు. మళ్లీ మొదటినుంచీ. కొన్నవాళ్లు మంచివాళ్లు కాబట్టి ఆగారు.

వీలైతే వెళ్లేముందే ఇక్కడ రిజిస్టర్ చేయించుకోండి. "నా ఆస్తులన్నిటి మీద అన్ని హక్కులు" అని రాసే జనరల్ పవర్ వద్దు. ఏ సర్వే నంబరు, ఏ పని, ఎంతకాలం అని రాసిన స్పెషల్ పవర్ చాలు. సొంత అన్నకైనా అంతే.

6. పేరు, పుట్టినరోజు: చిన్న తేడా, పెద్ద చిక్కు

మన జిల్లాల్లో చాలామందికి రెండు పుట్టినరోజులుంటాయి. ఒకటి అమ్మ చెప్పేది ("పెద్ద వాన పడ్డ ఏడు, బతుకమ్మ పండుగ ముందు"), రెండోది బడిలో సారు రాసింది. జూన్‌లో పుట్టినవాళ్లు మా తరగతిలో సగం మంది. నవ్వులాటగా ఉంటుంది కానీ గ్రీన్ కార్డు దాకా వెళ్లినప్పుడు జనన ధ్రువపత్రం అడుగుతారు. ఇంట్లో పుట్టినవాళ్లకు అది ఉండదు. అప్పుడు రికార్డు లేదని అధికారి ఇచ్చే పత్రం, పుట్టుక తెలిసిన ఇద్దరి అఫిడవిట్లు కావాలి. ఆ ఇద్దరు పెద్దవాళ్లు ఇప్పుడు ఆరోగ్యంగా ఉన్నారు కదా, ఇప్పుడే చేయించి పెట్టండి.

పేరు ఇంకో తలనొప్పి. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పాస్‌పోర్టులో చివర, ఆధార్‌లో ఒక్క అక్షరం. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలేస్తే అమెరికా వీసా మీద మీ పేరు ఇంటిపేరు గడిలోకి వెళ్లి, పేరు ఉండాల్సిన చోట "ఎఫ్ఎన్‌యూ" (పేరు తెలియదు అని) పడుతుంది. ఇక డ్రైవింగ్ లైసెన్సు, బ్యాంకు, జీతం అన్నిటా మీరు అదే. ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద వచ్చేవాళ్లను రానివ్వకూడదని యూఏఈ 2022 నవంబరులో నిబంధన పెట్టింది.

సవరణల క్రమం ముఖ్యం. పదో తరగతి మెమోను పునాదిగా పెట్టుకుని ముందు ఆధార్, తర్వాత పాన్, ఆ తర్వాత పాస్‌పోర్టు. నల్లగొండ, మహబూబ్‌నగర్ హెడ్ పోస్టాఫీసుల్లోనే పాస్‌పోర్టు సేవా కేంద్రాలున్నాయి, ప్రతిదానికీ హైదరాబాద్ పోనక్కర్లేదు.

ఇక్కడుండగా తెచ్చుకోవాల్సినవి:

- జనన ధ్రువపత్రం లేదా దాని బదులు పత్రాలు (పిల్లలవి కూడా)
- సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో వివాహ రిజిస్ట్రేషన్. పత్రిక, ఫొటోలు చాలవు.
- యూనివర్సిటీ ట్రాన్స్‌క్రిప్టులు కనీసం మూడు సీల్డ్ కవర్లు. ఉస్మానియా, జేఎన్‌టీయూ, మహాత్మా గాంధీ, పాలమూరు: ఎక్కడ చదివినా తర్వాత తమ్ముడిని తిప్పడం కంటే ఇప్పుడు మీరే వెళ్లడం మేలు.
- డిగ్రీ ఒరిజినల్ కాన్వొకేషన్. ప్రొవిజనల్‌తో నెట్టుకొచ్చేవాళ్లు చాలామంది.
- పాత ఉద్యోగాల ఎక్స్‌పీరియన్స్ లెటర్లు. చేసిన పని వివరంగా రాసి ఉండాలి.
- పోలీస్ క్లియరెన్స్. దీనికి కాలపరిమితి ఉంటుంది, మరీ ముందు తీసుకోవద్దు.

7. అమ్మానాన్నల లెక్క

"సెటిల్ అయ్యాక తీసుకుపోతా" అన్న మాటను ఒకసారి తూకం వేయండి. అమెరికాలో పౌరుడు అయ్యాకే తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు వేయగలరు. గ్రీన్ కార్డు సరిపోదు. మూడో భాగంలో చెప్పిన గ్రీన్ కార్డు క్యూ గుర్తుందిగా, దాని మీద ఇంకో ఐదేళ్లు. ఇప్పుడు నాన్న వయసుకు ఆ ఏళ్లు కలిపి కాగితం మీద రాయండి. కెనడా సూపర్ వీసా నయం, ఒకసారి వస్తే ఐదేళ్ల దాకా ఉండొచ్చు, కానీ ఇన్సూరెన్సు ఖర్చు మీదే. విజిటర్ ఇన్సూరెన్సులు చాలావరకు పాత జబ్బులకు వర్తించవు. మన ఇళ్లలో అరవై దాటినవాళ్లకు షుగరో బీపీయో లేనిదెక్కడ?

కాబట్టి వాళ్లు ఇక్కడే ఉంటారన్న లెక్కతో ఏర్పాటు చేయండి. వాళ్ల పేరిట హెల్త్ పాలసీ, మందులు తెచ్చిపెట్టే మనిషి, రాత్రిపూట ఆస్పత్రికి తీసుకెళ్లే కారు ఎవరిది, డాక్టరుతో మాట్లాడే చుట్టం ఎవరు. నాలుగు పేర్లు, నాలుగు ఫోన్ నంబర్లు గోడమీద పెద్ద అక్షరాలతో.

8. ఏజెంటు, కన్సల్టెన్సీ

గల్ఫ్‌కైతే కేంద్ర ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్లో రిజిస్టరైన ఏజెంటేనా అని చూడండి. రిజిస్టర్డ్ ఏజెంటు తీసుకోగలిగే ఫీజు గరిష్ఠంగా 30 వేలు, జీఎస్టీ అదనం. లక్షన్నర అడిగాడంటే అక్కడే అర్థం చేసుకోవాలి. పది పాస్ కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస క్లియరెన్స్ కావాల్సినవాళ్లు) కింద వస్తుంది, 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లేముందు క్లియరెన్స్ తప్పనిసరి. విజిట్ వీసా మీద పంపి "అక్కడ మార్పిస్తాం" అంటే వద్దనండి. 10 లక్షల ప్రవాసీ భారతీయ బీమా చేయించుకోవాలి, రెండేళ్లకు ప్రీమియం మూడు వందలు కూడా కాదు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ద్వారా వచ్చే ఉద్యోగాలు కూడా చూడండి, జర్మనీ, జపాన్‌లకు నర్సుల్ని పంపుతోంది.

చదువు కన్సల్టెన్సీల గురించి ఒక్కటే. చాలావాటికి కాలేజీల నుంచి కమీషన్ వస్తుంది, కాబట్టి వాళ్లు చూపే లిస్టు మీ కోసం తయారైంది కాదు. నా రోజుల్లో ఒక కన్సల్టెన్సీ అరవై వేలు తీసుకుని, నేను ఒక సాయంత్రం సొంతంగా చేయగలిగిన అప్లికేషన్లే నింపింది. దొంగ ఎక్స్‌పీరియన్స్ పెడతామన్నచోట మాత్రం చెప్పులు వేసుకుని బయటికి వచ్చేయండి. అబద్ధం పట్టుబడితే ఆ దేశం తలుపు ఎన్నో ఏళ్లు, కొన్నిసార్లు జీవితాంతం మూసుకుంటుంది.

9. ఎక్కువగా జరిగే పొరపాట్లు, సవరణలు

పొరపాటు: ఉద్యోగం మానేసి వీసా కోసం ఎదురుచూడడం.
సవరణ: పాస్‌పోర్టు మీద వీసా పడేదాకా రాజీనామా ఇవ్వొద్దు.

పొరపాటు: ఇక్కడి సేవింగ్స్ అకౌంటును అలాగే వాడుతూ ఉండడం.
సవరణ: వెళ్లాక దాన్ని ఎన్‌ఆర్‌ఓ (ఎన్‌ఆర్‌ఐల ఇక్కడి రాబడి ఖాతా)గా మార్పించాలి. అక్కడి సంపాదన పంపడానికి ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరవాలి, దాని వడ్డీకి ఇక్కడ పన్ను లేదు.

పొరపాటు: పెళ్లి సంబంధం కోసం విదేశం వెళ్లడం.
సవరణ: దీనికి నా దగ్గర సవరణ లేదు. అమ్మాయి తరఫువాళ్లతో వీసా ఏంటో, అప్పు ఎంతో నిజం చెప్పండి చాలు.

పొరపాటు: భార్య ఉద్యోగం సంగతి ఆలోచించకపోవడం.
సవరణ: డిపెండెంట్ వీసా మీద పనిచేయొచ్చా లేదా అని ముందే చూడండి. అమెరికాలో హెచ్-4 (హెచ్-1బీ వాళ్ల భార్య, భర్త, పిల్లలకిచ్చే వీసా) మీద, భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ కొంత దూరం వెళ్లేదాకా పని అనుమతి రాదు. ఇక్కడ టీచరుగా, బ్యాంకులో పనిచేసిన మనిషి అక్కడ నాలుగేళ్లు నాలుగు గోడల మధ్య కూర్చోవడం చిన్న విషయం కాదు. ఆ మాట ఆమెనే అడగండి, ఆమె బదులు మీరు చెప్పొద్దు.

పొరపాటు: పౌరసత్వం రెండు దేశాలదీ ఉంచుకోవచ్చనుకోవడం.
సవరణ: ఇండియా ద్వంద్వ పౌరసత్వం ఒప్పుకోదు. అక్కడిది తీసుకున్న రోజు ఇక్కడిది పోతుంది. ఓసీఐతో వచ్చి ఉండొచ్చు, కానీ ఓటు ఉండదు, పొలం కొనలేరు.

10. ఏ నెలలో ఏం చేయాలి

- 12 నెలల ముందు: నలుగురూ రాసిన కాగితాలు, దేశం వడపోత, పేరు సవరణలు మొదలు.
- 10 నెలల ముందు: భాషా పరీక్ష. ఐఈఎల్‌టీఎస్ స్కోరు రెండేళ్లే చెల్లుతుంది, మరీ తొందరపడొద్దు.
- 8 నెలల ముందు: విరాసత్, సర్వే, పాసుబుక్కు తప్పులు. పంట కోసి పొలం ఖాళీగా ఉన్నప్పుడు సర్వే పెట్టుకుంటే సుళువు.
- 6 నెలల ముందు: లోను, ట్రాన్స్‌క్రిప్టులు, వివాహ రిజిస్ట్రేషన్.
- 3 నెలల ముందు: వీసా స్లాటు, పళ్లు, కళ్లు చూపించుకోవడం. అక్కడ పంటి వైద్యం ఖర్చు చూస్తే నొప్పి మర్చిపోతారు.
- నెల ముందు: స్పెషల్ పవర్, తల్లిదండ్రుల ఏర్పాట్లు, అన్ని పత్రాల స్కాన్లు ఇద్దరి దగ్గర.

11. వెళ్లాక మళ్లీ కూర్చోవాల్సిన తేదీలు

రెండో, మూడో ప్రశ్నలకు జవాబు ఇక్కడ కూర్చుని రాదు. దానికి తేదీలు ముందే వేసుకోవాలి. మొదటిది 18 నెలలకు: ఉద్యోగం దొరికిందా, అప్పు కదిలిందా? రెండోది అప్పు తీరిన రోజున. మూడోది పెద్దపిల్లకు ఎనిమిదేళ్లు వచ్చేలోపు. ఆ తర్వాత తీసుకొస్తే ఇక్కడి బడిలో తెలుగు, లెక్కలు, స్నేహాలు అన్నీ మొదటినుంచీ మొదలవుతాయి. మా అమ్మాయిని తొమ్మిదో ఏట తెచ్చాను, మొదటి ఏడాది రోజూ ఏడ్చింది. రెండో ఏడు నుంచి మా అందరికంటే గట్టిగా "ఎవల్రా అది" అంటోంది.

ప్రతి తేదీన చూసుకోవాల్సినవి నాలుగే. మొదట రాసిన అంకె చేరామా? "ఏమైతే వచ్చేస్తాం" అని రాసినవాటిలో ఏదైనా జరిగిందా? ఇక్కడ ఆగిపోయిన పని ఏది? భార్యాభర్తలిద్దరి జవాబూ ఒకటేనా? మళ్లీ విడివిడిగానే రాయాలి.

మొదటిరోజు రాసిన కాగితాలు పారేయొద్దు. హాలియా వాళ్లవి పట్టాదారు పాసుబుక్కు కవర్లోనే పెట్టించాను. తూకం చిట్టీ మీద కొడుకు రాసిన "5" కింద తండ్రి కోడలి చేత 18 నెలల తేదీ వేయించి, పక్కనే మోటరు మెకానిక్ నంబరు కూడా రాయించుకున్నాడు.